బస్తా ధర - కిలో ధర

ధాన్యము కళ్లములో ఉండగానే వర్తకులు వచ్చి బస్తాకు ఇంతయని బేరమాడుట మన గ్రామములలో పరిపాటి. ఎక్కువ ధర పలికినవారికే రైతు సరుకు అప్పగించును. కాని ఆ బస్తాకు ఎన్ని కిలోలు తూచుకొందురో ముందుగా అడుగువారు తక్కువ.

ఒక వర్తకుడు 75 కిలోల బస్తాకు 1,740 రూపాయలిచ్చి, తరుగు తీయనన్నాడనుకొందము. మరియొకడు 1,770 ఇత్తునని, తేమ, తాలు పేరుతో బస్తాకు 3 కిలోలు అదనముగా తూచుకొనును. పైకి రెండవ బేరమే మేలుగా తోచును. భాగించి చూడండి. మొదటి బేరములో కిలోకు 23 రూపాయల 20 పైసలు. రెండవ దానిలో 1,770ని భాగించవలసినది 75తో కాదు, 78తో. వచ్చునది 22 రూపాయల 69 పైసలే. ఆరు వేల కిలోలు అమ్మినచో తేడా 3,000 రూపాయలకు పైమాటే. హమాలీ ఖర్చు మీ మీద వేసినచో దానిని కూడ ముందే ధరలో తీసివేసి లెక్కించవలెను.

మద్దతు ధరను క్వింటాలుకు ప్రకటింతురు. 2025-26లో సాధారణ రకమునకు అది 2,369 రూపాయలు. అనగా 75 కిలోల బస్తాకు 1,776 రూపాయల 75 పైసలు. పై రెండు బేరములును దీనికి తక్కువే! తేమ నూటికి 17 పాళ్లు మించకుండ ఆరబెట్టిన ధాన్యమునకు ఆ ధర వదలుకొననక్కరలేదు.

ఎరువుల విషయములోను ఇదే లెక్క. యూరియా బస్తా 2018 నుండి 45 కిలోలు. అందులో నత్రజని 20.7 కిలోలు. 50 కిలోల అమ్మోనియం సల్ఫేటులో సుమారు 10 కిలోలే. కనుక బస్తాల ధరలు కాక, కిలో నత్రజనికి పడు ధరలు పోల్చండి. అమ్మోనియం సల్ఫేటులో గంధకము కూడ కలదు. అది లోపించిన నేలలకైతే మాట వేరు.