అగ్నిలో నిలిచే రూపం

నవంబరు 2న సమాధుల పండుగకు మనలో చాలామంది స్మశానవాటికకు వెళ్తాం. సమాధి కడిగి, సున్నం వేసి, పూలు, కొవ్వొత్తులు పెట్టి ప్రార్థిస్తాం. మా తండ్రిగారు ప్రభువునందు నిద్రించిన సంవత్సరం ఆయన ఫోటోను ఒక టైలు మీద వేయించి సిలువ క్రింద అమర్చాము. రెండు వేసవులు గడిచాయి. మూడవ ఏట వెళ్లి చూస్తే నల్లకోటు మాత్రం లీలగా కనబడుతోంది, ముఖం లేదు. మా అమ్మగారు కొంగుతో తుడిచి తుడిచి, "ఇది మురికి కాదు నాయనా, బొమ్మే పోయింది" అన్నారు. అప్పుడే ఈ పనిని గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. మీలో ఎవరికీ ఆ బాధ కలుగకూడదని ఈ సంగతులు చెబుతున్నాను.

టైలు మీద ఫోటో వేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది, కాఫీ కప్పుల మీద బొమ్మలు వేసే పద్ధతి. టైలుకు ప్లాస్టిక్ వంటి పూత పూసి, సుమారు 200 డిగ్రీల వేడితో రంగును అందులోకి ఎక్కిస్తారు. కొద్ది నిమిషాల పని, ఖర్చు తక్కువ. ఇంట్లో గోడకు ఇది చాలు. ఆరుబయట ఎండకు మాత్రం ఆ రంగు వెలిసిపోతుంది. మేము మోసపోయింది ఇక్కడే.

రెండవది, బట్టీలో కాల్చే పద్ధతి. ఇది క్రొత్తది కాదు. 1854లో ఫ్రాన్సు దేశంలో బ్యూలో, కాతెన్ అనే ఇద్దరు ఫోటోను పింగాణీ మీద కాల్చి నిలిపే విధానానికి పేటెంటు పొందారు. ఇటలీ దేశపు సమాధుల మీద ఇటువంటి కోడిగుడ్డు ఆకారపు ఫోటోలు నేటికీ విస్తారంగా కనిపిస్తాయి.

ఇందులో వాడేది మామూలు సిరా కాదు, లోహపు ఆక్సైడ్లతో చేసిన రంగు. కోబాల్టు నీలాన్ని ఇస్తుంది, ఇనుము గోధుమ, ఎరుపు ఛాయలను ఇస్తుంది. వాటితో గాజుపొడి కలుస్తుంది. ఈ రంగుతో ఫోటోను ఒక ప్రత్యేకమైన కాగితం మీద ముద్రిస్తారు. కాగితాన్ని నీటిలో నానబెడితే బొమ్మ పలుచని పొరగా జారి వస్తుంది. దాన్ని పింగాణీ మీద పరచి, గాలి బుడగలు, నీరు లేకుండా ఒత్తి, ఆరబెట్టి బట్టీలో పెడతారు. వేడి మెల్లగా 800 డిగ్రీలు దాటుతుంది. ఆ పొర కాలిపోతుంది. గాజుపొడి కరిగి, రంగును పింగాణీ మెరుపులో కలిపేస్తుంది. తర్వాత నిదానంగా చల్లార్చాలి, తొందరపడితే పలక పగులుతుంది. ఇప్పుడు బొమ్మ పింగాణీ మీద అంటించినది కాదు, పింగాణీలో భాగమే. అగ్నిలో కాలిపోయేది కాలిపోయింది, మిగిలినది ఎండకు భయపడదు.

కాబట్టి ప్రియులారా, డబ్బు ఇచ్చే ముందు "బట్టీలో కాల్చారా? ఎన్ని డిగ్రీల దగ్గర?" అని అడగండి. ముఖం స్పష్టంగా ఉన్న ఫోటో ఇవ్వండి. బట్టీలో ఎర్రని ఛాయలు సరిగా రావడం కష్టం గనుక నలుపు తెలుపు ఫోటో శ్రేష్ఠం. పేరు, తేదీలు ఇంట్లో ఇద్దరు సరిచూడండి, కాల్చిన తర్వాత దిద్దడం కుదరదు. పండుగకు శుభ్రం చేసేటప్పుడు బాత్‌రూమ్ యాసిడ్ వాడవద్దు, అది కాల్చిన రంగును కూడా తినేస్తుంది. మెత్తని గుడ్డ, నీళ్లు చాలు. సున్నం వేసేటప్పుడు ఫోటో మీద కాగితం కప్పండి.

రాహేలు సమాధి మీద యాకోబు ఒక స్తంభము నిలిపాడని ఆదికాండము 35వ అధ్యాయంలో చూస్తాం. ప్రేమించినవారికి గుర్తు నిలపాలని కోరడం తప్పు కాదు. ఆ పలక మన నిరీక్షణ కాదు, మన నిరీక్షణ పునరుత్థానమే. అయినా తాతను చూడని మనుమడు ఆ ముఖాన్ని చూసి "ఈయన ఎవరు?" అని అడుగుతాడు. మా అమ్మగారు ఇప్పుడు క్రొత్త పలక ముందు కూర్చుని వాడికి జవాబు చెబుతున్నారు.

దుఃఖంలో ఉన్న ప్రతి కుటుంబాన్ని ప్రభువు ఆదరించును గాక. ఆమేన్.