పెట్ట గుడ్డు మానేసిందా? గూట్లో వెలుతురు చూడండి

కార్తీకం దాటి చలి ముదిరేసరికి పెరటి కోళ్లు గుడ్లు తగ్గిస్తాయి. కొన్ని పెట్టలు సంక్రాంతి దాకా పూర్తిగా మానేస్తాయి కూడా. పెట్ట ముదిరిపోయిందనుకుని చాలామంది ఆ రోజుల్లోనే కోసుకుంటారు, లేదంటే సంతలో వచ్చిన ధరకు ఇచ్చేస్తారు. తొందరపడవద్దు. పెట్టకు ఏడాది, ఏడాదిన్నర వయసుండి, మేత బాగా తింటూ చురుగ్గా తిరుగుతుంటే లోపం చాలావరకు దానిలో లేదు, పగటి పొద్దులో ఉంది.

కోడి గుడ్డు పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. వెలుతురు కంటి ద్వారానే కాదు, పలుచటి పుర్రె ఎముక గుండా కూడా మెదడుకు చేరుతుంది. అక్కడినుంచి వచ్చే హార్మోన్లే అండాశయాన్ని పని చేయిస్తాయి. మన ప్రాంతంలో జూన్‌లో పగలు 13 గంటల పైన ఉంటే, డిసెంబరు మూడో వారానికి 11 గంటలకు పడిపోతుంది. దానికితోడు గూడు చీకటి మూలన ఉండి, పొద్దెక్కాక తలుపు తీస్తే కోడికి దక్కేది 10 గంటలే.

కాబట్టి ముందు గూడు చోటు చూసుకోండి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి కొట్టదు, వెలుతురు మాత్రం వస్తుంది. నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే తేమ అంటదు. పొయ్యి పొగ వచ్చే చోట, గోడకు ఆనుకుని గాలాడని సందులో పెట్టవద్దు. ముంగిస, పిల్లి దూరకుండా వేలు పట్టనంత సందుల ఇనుప జాలీ కొట్టించాలి. గుడ్లు పెట్టే గంపను మాత్రం మసక మూలలోనే ఉంచాలి. వెలుతురులో పెడితే పెట్టలు గుడ్లను పొడిచి తినడం మరుగుతాయి.

వసారాలో బల్బు కింద గూడు పెట్టేవారున్నారు. ఇంట్లో టీవీ కట్టేదాకా ఆ బల్బు వెలుగుతూనే ఉంటుంది. ఒకరోజు తొమ్మిదికి, మరోరోజు పదకొండుకు ఆర్పుతారు. ఇది మేలు కాదు. వెలుతురు ఎంత అవసరమో, రోజూ ఒకే వేళకు వచ్చే 8 గంటల చీకటి కూడా అంతే అవసరం. వీధి దీపం గూట్లో పడుతుంటే ఆ వైపు గోనెపట్టా కట్టండి.

దీపం సాయంత్రం కంటే తెల్లవారుజామున వేయడం మంచిది. రాత్రిపూట ఒక్కసారిగా ఆర్పితే కోళ్లు వాసం ఎక్కలేక కింద గుమిగూడతాయి. తెల్లవారుజామున 4 గంటలకు వేస్తే సాయంత్రం 6 గంటల మసక దాకా 14 గంటలు సరిపోతాయి. పుంజు ఎలాగూ అప్పటికి లేచే ఉంటుంది! ఇంట్లో పాలు పితకడానికి లేచేవారే స్విచ్చి వేయొచ్చు. ఒకేసారి నాలుగింటికి జరపకుండా వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ రావాలి. పదిపన్నెండు కోళ్ల గూటికి పసుపు వెలుతురు ఇచ్చే 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి చాలు. కోడి తల ఎత్తులో పేపరు అక్షరాలు కనపడితే సరే. అంతకంటే ఎక్కువైతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. రోజుకు రెండున్నర గంటలు వేసినా నెలకు అర యూనిట్ కూడా కాలదు.

మొదలుపెట్టాక నాలుగు రోజులు వేసి నాలుగు రోజులు మానేస్తే అసలు వేయకపోవడమే నయం. వెలుతురు ఒక్కసారిగా తగ్గితే పెట్టలు ఈకలు రాల్చి రెండు మూడు నెలలు గుడ్డుకు దూరమవుతాయి. సంక్రాంతి దాటాక సాయంత్రం పొద్దు ఎంత సాగితే, ఉదయం దీపం అంత ఆలస్యంగా వేస్తూ పోవచ్చు. మే నెలకు దాదాపు అవసరం ఉండదు.

దీపం పెట్టి మేత పెట్టకపోతే మాత్రం పెట్ట తన ఒంట్లోది పోసి గుడ్డు పెడుతుంది. ఒక్కో గుడ్డు పెంకులోనే 2 గ్రాముల దాకా కాల్షియం పోతుంది. నత్తగుల్లలు దంచి ఒక చిప్పలో వేసి ఉంచండి. గూట్లో నీళ్లు, గుప్పెడు నూకలు తప్పనిసరి.

20 వారాలు నిండని పెట్టలకు ఈ దీపం వద్దు. ముందుగా గుడ్డుకు వస్తే గుడ్లు చిన్నవవుతాయి, వెనుక భాగం బయటికి జారే ప్రమాదమూ ఉంది. పొదుగుకు కూర్చున్న నాటు పెట్టకు కూడా దీపంతో పని లేదు. గ్రామప్రియ లాంటి రకాలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు కనుక వాటి విషయంలో దీపం ఖర్చు బాగా గిట్టుబాటవుతుంది.

బల్బు చుట్టూ జాలీ బుట్ట ఉంచి, అతుకుల్లేని వైరును ఎలుకలు కొరకకుండా గొట్టంలోంచి తీసుకురండి. గూటి కప్పు వరిగడ్డిదైతే బల్బు దానికి జానెడు దూరంలో వేలాడాలి.