కాలి గోరు మాంసంలోకి దిగితే... కోత లేకుండానే

వార్షికోత్సవ సంచికలో కాలి గోటి గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఆటల పోటీల రోజు కుంటుతూ గట్టు మీద కూర్చున్న పిల్లవాడినడిగితే ఆ గోటి సంగతి చెబుతాడు. చాలామంది నెలల తరబడి ఎవరికీ చెప్పరు. చెబితే డాక్టరు గోరు పీకేస్తాడని భయం. నిజానికి మొదట్లోనే చూసుకుంటే పిల్లల్లో చాలావరకు కోత అవసరం రాదు.

ఇది ఎక్కువగా బొటనవేలికే వస్తుంది. గోటి మూల పక్కనున్న చర్మంలోకి ముల్లులా దిగుతుంది. అక్కడ ఎర్రబడి వాస్తుంది, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. క్రిములు చేరితే చీము పడుతుంది. మనవాళ్లు దీన్నీ గోరుచుట్టు అనే అంటారు, నిమ్మకాయ తొడుగుతారు. గుచ్చుకున్న మూలను నిమ్మకాయ పైకి లేపదు కదా!

కారణాలు మనకు తెలిసినవే. బ్లేడుతో మూలలు గుండ్రంగా లోపలిదాకా కోయడం, చేత్తో పీకడం. లోపల మిగిలిన చిన్న ములుకు గోరు పెరిగేకొద్దీ మాంసంలోకి దూసుకుపోతుంది. ఇక బూట్లు. జూన్‌లో సరిపోయినవి డిసెంబరుకు బిగుతవుతాయి, ఎదిగే కాళ్లు ఆగవు మరి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రోజంతా బూట్లతో ఉండే మన పాత విద్యార్థులకూ, అక్కడి గేట్ల దగ్గర నిలబడే సెక్యూరిటీ అన్నలకూ ఈ బాధ రావచ్చు.

ఏం చేయాలి? వంట అక్కనడిగి గోరువెచ్చని నీళ్లు తీసుకుని, రోజుకు రెండు మూడుసార్లు 15 నిమిషాలు కాలు ముంచాలి. చర్మం మెత్తబడ్డాక శుభ్రమైన చేతులతో వాచిన అంచును గోటి నుంచి పక్కకు మెల్లగా నెట్టాలి. మూల కాస్త లేస్తే, సన్నగా పేనిన దూది పోగును దాని కింద పెట్టి రోజూ మార్చాలి. బాగా నొప్పిగా ఉంటే బలవంతంగా దూర్చవద్దు. అప్పుడు ప్లాస్టరు మేలు. ఒక కొసను గోటి పక్క చర్మానికి అంటించి, గోటికి దూరంగా లాగి వేలి కిందుగా ఏటవాలుగా చుట్టాలి. బిగించకూడదు. ఇంట్లో, హాస్టల్లో చెప్పులే వేసుకోవాలి.

రెండు రోజుల్లో నొప్పి తగ్గగానే మానేస్తాం, చిక్కంతా అక్కడే. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరే పెరుగుతుంది. మూల చర్మాన్ని దాటి బయటకు వచ్చేదాకా, అంటే కొన్ని వారాలు, ఓపిక పట్టాలి. తర్వాత అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మధ్యలో ‘వి’ ఆకారంలో కోస్తే అంచులు దగ్గరకొస్తాయన్నది ఒట్టి మాట. గోరు పెరిగేది మొదలు నుంచి, కొస నుంచి కాదు.

చీము, జ్వరం, పాదం మీదికి పాకే ఎరుపు, గోటి పక్కన సులభంగా రక్తం కారే ఎర్రటి కండ కనబడితే సొంత వైద్యం ఆపాలి. షుగరు ఉన్నవాళ్లయితే మొదటి రోజే డాక్టరుకు చూపించాలి. అక్కడా వెంటనే కత్తి తీయరు. వేలికి మత్తు ఇచ్చి, సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి గోటి అంచుకు తొడిగే పద్ధతి ఉంది. గోరు అలాగే ఉంటుంది. మన వైపు వాళ్లకు కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, 2018లో మొదలైన బస్తీ దవాఖానాలున్నాయి. వార్డెన్ గారికి చెప్పి ఉదయం ఓపీ వేళకే వెళ్లండి.