పాలు ఎలా చేపుతాయి?

దూడను విడవగానే ఆవు చేపుతుంది. బిడ్డ చీకగానే తల్లికీ పాలు చేపుకొస్తాయి. ఒక్కోసారి బిడ్డ ఏడుపు విన్నా చాలు, రవిక తడిసిపోతుంది. ఇది ఎలా జరుగుతుంది?

మెదడు కింద శనగ గింజంత గ్రంథి ఒకటి ఉంది. దాని పేరు పిట్యూటరీ గ్రంథి. బిడ్డ చీకితే నరాల ద్వారా మెదడుకు కబురు పోతుంది. అప్పుడు ఈ గ్రంథి ఒక రసాన్ని రక్తంలోకి వదులుతుంది. ఇలాంటి రసాలను హార్మోన్లు అంటారు. ఈ హార్మోను పేరు ఆక్సిటోసిన్.

రక్తంతో పాటు హార్మోను ఒళ్లంతా తిరుగుతుంది. చేతికీ పోతుంది, కాలికీ పోతుంది. కానీ అక్కడ ఏమీ జరగదు. ఎందుకని?

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు మన ఒళ్లు కణాలతో తయారైంది. కణాలు కంటికి కనిపించనంత చిన్నవి. హార్మోను తాళంచెవి లాంటిది. దానికి సరిపోయే తాళం ఏ కణానికి ఉందో, ఆ కణం మీదే అది పని చేస్తుంది.

రొమ్ములో పాల తిత్తులు ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న కణాలకు ఈ తాళం ఉంది. తాళంచెవి పడగానే కణం లోపల కాల్షియం పెరుగుతుంది. కణం ముడుచుకుంటుంది. తిత్తిని పిండుతుంది. పాలు బయటికి వస్తాయి.

గర్భసంచి కండరానికి కూడా ఇదే తాళం ఉంది. నెలలు నిండేకొద్దీ అక్కడ తాళాలు బాగా పెరుగుతాయి. అందుకే కాన్పు అయ్యాక పాలిస్తుంటే పొత్తికడుపు పిండినట్టు నొప్పి వస్తుంది. చాలామంది ఆ నొప్పికి భయపడతారు. నిజానికి అది మేలే. గర్భసంచి గట్టిగా ముడుచుకుంటే రక్తం పోవడం తగ్గుతుంది. కాన్పు కాగానే నర్సు తొడకు వేసే సూదిలో ఉండేదీ ఈ మందే.

కానీ కాన్పుకు ముందు, ఇంటి దగ్గర ఎవరితోనో నొప్పుల సూది వేయించుకోకూడదు. గర్భసంచి చిరిగి తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు రావచ్చు.

భయం, దిగులు, నొప్పి ఎక్కువైతే ఈ హార్మోను సరిగా ఊరదు. పాలు ఉన్నా చేపవు. “దీనికి పాలు పడలేదు” అని బాలింతను దెప్పితే ఆమె దిగులు ఇంకా పెరుగుతుంది. ధైర్యం చెప్పాలి. బిడ్డను పదేపదే రొమ్ముకు పట్టించాలి.

గుర్తుంచుకుందాం:

బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి.

బిడ్డ ఎంత చీకితే పాలు అంత ఊరుతాయి.

కాన్పు తర్వాత రక్తం ఎక్కువగా పోతుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.