సర్వే ఓడకు పాత చేతులు కావాలి

విశాఖపట్నం: సముద్రంలో సరుకు ఎక్కడున్నదో ముందుగా తెలిస్తే బోటు యజమానికి డీజిలు మిగులుతుంది, ఎగుమతిదారుకు రాబడిపై అంచనా దొరుకుతుంది. ఆ సంగతి చెప్పవలసినది ప్రభుత్వ సర్వే ఓడ. అయితే వల వేసే చేతులకు అనుభవం లేకపోతే ఆ లెక్క మార్కెట్టుకు అక్కరకు రాదు.

1946లో బొంబాయిలో ప్రారంభమైన లోతు సముద్రపు చేపల వేట కేంద్రం 1974లో అన్వేషణ ప్రాజెక్టుగా, 1983లో ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియాగా మారింది. విశాఖలోనూ దీనికి స్థావరమున్నది. 1976 చట్టంతో 200 నాటికల్ మైళ్ల వరకు సముద్ర సంపదపై దేశానికి హక్కు ఏర్పడింది. సర్వే చేయవలసిన నీరు ఆ మేరకు పెరిగింది.

వల రాతికి తగిలినదా, బురద ఎత్తినదా, చేప పడినదా అన్నది లాగుడు తాడు బిగువును బట్టి పాత సరంగు పసిగడతాడు. కొత్తవారి చేతిలో వల చిరిగి ఖాళీగా వస్తే, సరుకున్న చోటే లేదని పటానికి ఎక్కుతుంది.

ఇటువంటివారిని తీసుకోవడంలో చిక్కులున్నాయి. ఓడ నడిపే ఉద్యోగాలకు సర్టిఫికెట్లు తప్పనిసరి. ఈ శిక్షణకు కేంద్ర ప్రభుత్వ సంస్థ 1963లో కొచ్చిన్‌లో, దాని శాఖ 1981లో విశాఖలో ఏర్పడ్డాయి. కానీ చిన్ననాడే తెప్ప ఎక్కి, ఒడ్డున కొండల గుర్తులతో నీటి లోతు చెప్పగలవాని వద్ద కాగితం ఉండదు. కాగితమున్న కుర్రవానికి ఆ నేర్పు వెంటనే రాదు.

రెండవది రాబడి. ప్రైవేటు బోటులో పట్టుబడి బాగుంటే వాటా చేతికందుతుంది. సర్వే ఓడలో నెల జీతమే. అది నిలకడైనది గాని, రొయ్యల సీజనులో వాటా ఆకర్షణకు అది తట్టుకోవడం కష్టం.

మూడవది అలవాటు. చేప లేదని తెలిసిన చోటుకు జాలరి పోడు. సర్వేలో మాత్రం నిర్ణయించిన ప్రతి చోటా వల దింపవలసిందే, లేదన్నదీ లెక్కే. మంచి జాలరికి ఈ పద్ధతి నచ్చజెప్పి ఓడ ఎక్కించుకోవాలి. అతని మాట విని చేపలున్న చోటే వల వేస్తే, సముద్రమంతా సరుకేనన్న భ్రమ కలుగుతుంది.

ట్రాల్ వలకు గంటకు ఇన్ని కిలోలని, సూర చేపల పొడవు తాళ్లకు నూరు గేలాలకు ఇన్ని చేపలని సర్వే ఫలితాలు వెలువడతాయి. వర్తకులు ఆ అంకెతోపాటు నెల, లోతు, వల రకం కూడా చూసుకోవడం మంచిది. ఒక్క ట్రిప్పు లెక్కను నమ్మి బయానాలిస్తే నష్టపోక తప్పదు.