బొబ్బిలి కథ చదివిన ముగ్గురు స్నేహితులు

బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది. విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోట మీద పడటం, తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకోవటం ఉత్తరాంధ్రలో చిన్నపిల్లలకూ తెలిసిన కథ. ఆ కథను ముగ్గురు ప్రొఫెసర్లు కలిసి కొత్తగా చదివారు. వెల్చేరు నారాయణరావు సిక్కోలు ప్రాంతపు అంబఖండిలో పుట్టారు. డేవిడ్ షుల్మన్ అమెరికాలో పుట్టి ఇజ్రాయెల్‌లో స్థిరపడ్డారు. సంజయ్ సుబ్రహ్మణ్యం ఢిల్లీలో పుట్టిన చరిత్రకారుడు.

ఏలూరులో పాఠాలు చెప్పిన వెల్చేరు 1971లో మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీకి వెళ్లారు. జెరూసలెంలో ఆచార్యుడైన షుల్మన్ ఆయన దగ్గర తెలుగు చదువుకున్నారు. గురుశిష్యుల బంధంతో మొదలై, పుస్తకం తర్వాత పుస్తకం మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే నిలిచాయి. షికాగోలో ఉన్న కవి, అనువాదకుడు ఏ.కె. రామానుజన్ కూడా చేయి కలపగా, క్షేత్రయ్య పదాల ఇంగ్లీషు అనువాదం 1994లో వచ్చింది. అప్పటికి రామానుజన్ లేరు.

ఈ ఇద్దరితో సంజయ్ సుబ్రహ్మణ్యం కలవగా 2001లో వచ్చిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ పుస్తకం ఈ స్నేహానికి పెద్ద ఫలం. బొబ్బిలి గురించి ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ రాసింది, దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’, కథకులు పాడే బొబ్బిలి కథ, ఇవన్నీ అందులో పక్కపక్కన పెట్టి చదివారు. మనవాళ్లకు చరిత్ర రాయటం తెలియదన్న పాత మాటను ముగ్గురూ గట్టిగా కాదన్నారు. కావ్యంలోనూ కథాగానంలోనూ చరిత్ర ఉంటుందని, మాట నడకను బట్టే ఆనాటి శ్రోత దాన్ని పోల్చుకునేవాడని వాదించారు. ఆ నడక పట్టుకోవాలంటే తెలుగులో పుట్టి పెరిగిన చెవి కావాలి. సంస్కృతం, తమిళం ఎరిగినవాడూ, విదేశీ దస్తావేజులు తిరగేసినవాడూ పక్కన ఉండాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

మన పండితుడు సమాచారం చెబితే, దొర పుస్తకం రాసి, ముందుమాటలో ఒక కృతజ్ఞతా వాక్యంతో సరిపెట్టటం చాలాకాలం నడిచిన పద్ధతి. వెల్చేరు ఆ పద్ధతికి లొంగలేదు. ఆయన సాధించిన అసలు గౌరవం ఇదే.

విజయనగరం పైడితల్లి అమ్మవారి మీద కూడా ఇలాంటి స్నేహమే ఒక వ్యాసం రాయించింది. జెరూసలెంకు చెందిన డాన్ హాండెల్మన్, షుల్మన్‌లతో పాటు మన పండితుడు ఎం.వి. కృష్ణయ్య అందులో సహరచయిత. 2014లో అది పుస్తకంలోకి ఎక్కింది.

మన కాలేజీల అధ్యాపకులకు ఒక మనవి. పైడితల్లి పండగలో సిరిమాను చూడ్డానికి ఏ విదేశీ పరిశోధకుడైనా వస్తే, దారి చూపి పంపేయకండి. పక్కన కూర్చుని కలిసి చదవండి, కలిసి రాయండి.