మోకాళ్ళ నొప్పులని చెప్పాం

మా వదినకు రొమ్ము కాన్సరని తేలిన రోజున ఇంట్లో మొదట తీర్మానించింది వైద్యం సంగతి కాదు. ఈ మాట గడప దాటకూడదని! పెళ్ళి కావలసిన పిల్ల వుంది మరి. అడిగినవాళ్ళకల్లా మోకాళ్ళ నొప్పులని చెప్పాం. కాలేజీలో పాఠాలు చెప్పే నేనూ అదే చెప్పాను.

ఆపరేషనయింది. మందుల ధాటికి జుట్టు రాలిపోయింది. (అది మళ్ళీ వస్తుంది. వదినకూ వచ్చింది, ఉంగరాలు తిరిగి.) గాయం మానింది గాని మనిషి కోలుకోలేదు. పేరంటానికి పిలుపు వస్తే తలనొప్పి అనేది. కంచం, గ్లాసు తనే వేరుగా పెట్టుకునేది. ఇది అంటువ్యాధి కాదని డాక్టరుగారు చెప్పారు, మేమూ చెప్పాం. చెబుతూనే, ఎవరో చుట్టాలావిడ పసివాణ్ణి ఆమె ఒళ్ళోంచి లాక్కుంటే చూస్తూ వూరుకున్నాం.

మన పెద్దలు దీన్ని రాచపుండు అన్నారు. తెలుగు పంతులమ్మను గనుక నాకు తోస్తుంది: రాజుగారి పేరెత్తడానికి జంకినట్లే దీని పేరెత్తడానికీ జంకుతున్నామేమో!

ఈ జంకు మా ఒక్క ఇంటిదే కాదు. అమెరికాలో టెరీస్ లాసర్ అనే ఆవిడకు 1952లో రొమ్ము తీసేశారు. తరువాత ఎలా బతకాలో చెప్పే దిక్కు లేకపోయింది. దాంతో, ఆపరేషనైన స్త్రీల మంచాల దగ్గరకు తానే వెళ్ళి కూచోవడం మొదలుపెట్టింది. చెయ్యి బిగుసుకోకుండా వ్యాయామానికి ఓ తాడు, ఓ రబ్బరు బంతి, రవికలో పెట్టుకోవడానికి ఓ మెత్త పట్టుకెళ్ళేది. ఆ పనికి 'రీచ్ టు రికవరీ' అని పేరు. 1969లో అమెరికన్ కాన్సర్ సొసైటీ దాన్ని చేపట్టింది.

మా వదినకు అటువంటి మనిషి ఆస్పత్రి వరండాలో తటస్థపడింది. కూరలమ్ముకునే ఆవిడ. ఆపరేషనై ఆరేళ్ళయిందట. "ఏ పక్కది తీశారమ్మా?" అన్నది, వంకాయలు బేరమాడినంత తేలిగ్గా. తను పాతగుడ్డలో ఆవాలు మూటగట్టి రవికలో పెట్టుకుంటానని, పోపు పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త అనీ చెప్పింది. వదిన పకపకా నవ్వింది. ఆ నవ్వు విని తొమ్మిది నెలలయింది.

ఆ సాయంత్రం పక్కింటి పిన్నిగారు ఎప్పటిలాగే, "మోకాళ్ళెలా వున్నాయమ్మా?" అన్నది. నేను నోరు తెరవబోయాను.

"మోకాళ్ళకేం, లక్షణంగా వున్నాయి పిన్నిగారూ! నాకొచ్చింది కాన్సరు," అన్నది వదిన.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించి, తనకూ ఆర్నెల్లుగా రొమ్ములో గడ్డ ఒకటి వుందనీ, నొప్పి లేదు గదా అని వూరుకున్నాననీ చెప్పింది.

మర్నాడు ముగ్గురం కలిసి ఆస్పత్రికి వెళ్ళాం.

అమ్మాయి పెళ్ళి మాటంటారా? వచ్చిన సంబంధం ఒకటి వెనక్కి పోయింది. ఇంకోటి చూస్తున్నాం.